ఇద్దరు మోసే మానిటర్

పల్చటి మానిటర్లు అప్పుడప్పుడే చౌకవుతున్న రోజులవి. పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపుకి ఎవరొచ్చినా ఒకే రకం ప్రశ్నలు అడిగేవాళ్లు. పల్చటిది మంచిదా, డబ్బాలా ఉండే పాతదే మంచిదా, కళ్లు మంట పుడతాయా, రంగులు తేలిపోతాయా, కరెంటు ఎంత తాగుతుంది అని. షాపు ఆయనకి ఆ జవాబులన్నీ నోటికొచ్చేశాయి. ఎదుటివాళ్లు సగం అడిగేలోపే మిగతా సగం ఆయనే చెప్పేసేవాడు. అలాంటి మనిషికి ఒక పొద్దున అచ్చక్క వచ్చి, ఎవరూ అడగని ప్రశ్న వేసింది.

"వీటిలో అన్నిటికన్నా బరువైంది ఏది?"

ఆయన సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన పల్చటి తెరల వైపు చెయ్యి చూపించి, ఇవి పుస్తకంలా ఉంటాయి, చంకలో పెట్టుకుని పోవచ్చు అన్నాడు. ఆవిడ అటు తల కూడా తిప్పలేదు. గోడవారగా నేల మీద ఒకదాని పక్కన ఒకటి కూర్చోబెట్టిన పాత ట్యూబు మానిటర్ల దగ్గరికి వెళ్లి, వాటి వెనకవైపు డొప్పలు తట్టి చూడసాగింది.

ఇవిప్పుడెవరూ కొనడం లేదని, టేబుల్ సగం మింగేస్తాయని, గదిలో పొయ్యి వెలిగించుకున్నట్టు వేడని ఆయన చెబుతూ పోయాడు. తనది అచ్చు పని, రంగులు నిక్కచ్చిగా కనబడాలి అంది అచ్చక్క. అదీ నిజమేలే అనుకున్నాడు ఆయన. డిజైన్ చేసేవాళ్లు కొందరు ఇంకా ట్యూబుని వదలడం లేదు. నలుపు నలుపులా కనిపిస్తుందనీ, పక్క నుంచి చూసినా రంగు మారదనీ వాళ్ల వాదన. ఆయన అలా అనుకోవడమే ఆవిడకీ కావాలి.

మూసేసిన ఒక ప్రెస్సు వాళ్లు అమ్ముకున్న పెద్ద సైజు మానిటర్ ఒకటి మూల ఉంది. అచ్చక్క వంగి, దాని చుట్టూ రెండు చేతులూ వేసి లేపబోయింది. అది కదల్లేదు. "మీరు ఎత్తండి" అంది. ఆయన నవ్వుతూనే వంగాడు. మోకాళ్ల దాకా లేపి, మొహం కందిపోయి, మళ్లీ దించేశాడు.

"ఇది ఇద్దరు మోయాలక్కా."

"మీలాంటివాళ్లు ఇద్దరా?"

"ఇద్దరు. ఒక్కడివల్ల కాదు."

"అయితే ఇదే ఇవ్వండి."

అప్పుడు గాని ఆయన ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు. ఎడమ కంటి కింద వాపు తగ్గి పచ్చబడిన మరక ఉంది. కుడి చేతి చివరి రెండు వేళ్లూ కలిపి గుడ్డతో కట్టి ఉన్నాయి.  ఆయన తన మనిషిని తోడు తీసుకుని తానే వచ్చి, దాన్ని ఆవిడ టేబుల్ మీద పెట్టి, తీగలు బిగించి, వెళ్లిపోయాడు.

అచ్చక్క అన్నది వీధి పెట్టిన పేరు. ముందు గదిలో కూర్చుని విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, పెళ్లి పత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అచ్చుకి సిద్ధం చేసి ఇచ్చేది. కిటికీకి బోర్డు కట్టుకుంది. అచ్చుతప్పు కనబడితే అన్నం సయించని మనిషి. గోడ మీద అంటించిన పోస్టర్లో కొమ్ము దీర్ఘమైతే ఆగి, నాలుక చప్పరించి గాని ముందుకు కదిలేది కాదు. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ అక్కే. అసలు అక్క అయింది మాత్రం ఒక్క తమ్ముడికి.

తల్లి పోయేనాటికి వాడింకా స్కూల్లో ఉన్నాడు. తండ్రి అంతకు ముందే పోయాడు. మిగిలింది రెండు గదుల ఇల్లు, వాడు. అచ్చక్క అప్పటికే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పని చేస్తోంది. సంబంధాలు వచ్చాయి, పోయాయి. వాడు స్థిరపడ్డాక చూద్దాం అనుకుంది. తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

వాడికి మీసాలు రాకముందే ఒకసారి తలుపు అద్దం గుద్ది పగలగొట్టాడు. చొక్కా బొత్తాం కుట్టడం ఆలస్యమైందని. అచ్చక్క గాజు పెంకులు ఏరి, వాడి పిడికిలికి మందు రాసి కట్టుకట్టి, పాడు అద్దం అని అద్దాన్నే తిట్టింది. మగపిల్లాడు, ఉడుకు రక్తం అన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఆవిడా నవ్వేసింది.

పెద్దయ్యాక పార్సిల్ వ్యాను డ్రైవరయ్యాడు. తాగడు. సిగరెట్ ముట్టడు. రోడ్డు మీద ఎవడైనా అడ్డొచ్చి తిట్టినా తిరిగి ఒక మాట అనడు. గోదాము వాళ్లకి వాడంటే గౌరవం. అంత మర్యాదస్తుడు ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చాక, బయట మింగిన మాటలన్నీ చేతుల్లోకి దిగేవి. కంచం గోడకి కొట్టేవాడు. ఫ్యాను రెక్క వంచేశాడు. కుర్చీ కాళ్లు ఊడగొట్టాడు. తర్వాత మనుషులు. అచ్చక్క చెంప మీద మొదటిసారి చెయ్యి పడిన రోజు వాడే ఏడ్చాడు. రెండోసారి ఏడవలేదు.

పెళ్లైతే దారికి వస్తాడన్నారు. మరదలు వచ్చింది. పల్చటి మనిషే గాని నవ్వితే వీధి చివరిదాకా వినబడేది. అచ్చక్కకి ఆ నవ్వంటే ప్రాణం. పని ఆపి మరీ వినేది. కాపరానికి వచ్చిన కొత్తలోనే, మెట్ల మీద కూర్చుని ఎదురింటావిడతో ఏదో చెప్పుకుని నవ్వుతుంటే, వాడు వచ్చి జుట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు. ఆ తర్వాత ఆ పిల్ల చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది. ఇంకొన్నాళ్లకి చేతితో అవసరం లేకుండా పోయింది.

అచ్చక్క దగ్గరున్న చిన్న పాత మానిటర్ చెడిపోతే, ముచ్చటపడి పల్చటిది కొన్నది ఆ మధ్యే. సగం టేబుల్ తిరిగి చేతికొచ్చింది. కాగితాలు పరుచుకోవడానికి చోటు దొరికింది. తెర ముందు కూర్చుంటే మొహానికి వేడి తగలడం లేదని మరదలికి పదేపదే చెప్పుకుంది. మరదలు రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేది.

ఒక మధ్యాహ్నం వాడు వ్యాను తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోయి, వెతికి పెట్టమన్నాడు. అచ్చక్క పిల్లల పరీక్ష పేపరు పనిలో ఉంది. సాయంత్రానికి ఇవ్వాలి. "కాస్త ఆగరా, ఈ పేజీ అయిపోనీ" అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. ఆ చూపు తిప్పకపోవడమే తప్పయింది.

ఒక్క గుద్దు. తెర లోపల సిరా సీసా ఒలికినట్టు నల్లటి మరక పుట్టి, ఊదారంగు అంచులతో పాకి, ప్రశ్నలన్నిటినీ ముంచేసింది. వాడు దాన్ని టేబుల్ మీద నుంచి లాగి నేలకేసి కొట్టాడు. తొక్కడానికి కాలెత్తాడు. అచ్చక్క దాన్ని కాపాడుకోబోయి చెయ్యి పెట్టింది. మడమ వేళ్ల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకి చెవిలో కాదు, దవడలో వినిపించింది. చెయ్యి వెనక్కి తీసుకునేలోపు మోచేయి ఒకటి వచ్చి కంటికి తగిలింది. అది కావాలని కొట్టింది కాదేమో కూడా. తాళాలు వాడి ప్యాంటు జేబులోనే ఉన్నాయి. కూర్చుని భోంచేసి, చెయ్యి కడుక్కుని, డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆవిడ మిగిలిన ఎనిమిది వేళ్లతో, తెలిసినవాళ్ల షాపులో కూర్చుని ఆ పేపరు పూర్తి చేసి ఇచ్చింది. అక్కడ కూర్చున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకుంది. తమ్ముణ్ణి మార్చడం తన వల్ల కాదు. మానిటర్ని మార్చొచ్చు. పగలనిది, లాగితే రానిది, ఎత్తి విసరలేనిది కావాలి. అందుకే ఆ షాపులో అలాంటి ప్రశ్న వేసింది.

పెద్ద మానిటర్ వచ్చాక ముందు గది రూపమే మారింది. దాని వెనకభాగం అంత పొడుగు ఉండటంతో టేబుల్‌ని గోడ నుంచి చేతి దూరం ముందుకి జరపాల్సి వచ్చింది. బల్ల వంగకుండా కింద ఒక మందపాటి చెక్క వేశారు. మీట నొక్కితే లోపల ఎవరో వేళ్లు విరిచినట్టు చప్పుడయ్యేది. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే వెంట్రుకలు లేచి నిలబడేవి. గున్న ఏనుగుని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టావేంటక్కా అని వీధివాళ్లు వేళాకోళం చేశారు. అందరూ కొత్తవాటికి మారుతుంటే అచ్చక్క వెనక్కి నడుస్తోందన్నారు. ఆవిడ రంగులు, కళ్లు అని ఏదో చెప్పి తప్పించుకునేది.

వాడు దాన్ని గుద్దడానికి ఎన్నాళ్లో పట్టలేదు. కరెంటు బిల్లు గురించి మాటా మాటా పెరిగి, అలవాటు చొప్పున పిడికిలి బిగించి తెర మీద ఒక్కటిచ్చాడు. ఆ అద్దం మందం వాడికి తెలీదు. బొమ్మ ఒక్కసారి వణికి మళ్లీ నిలబడింది. వాడి వేళ్ల కణుపులు మాత్రం రేగుపళ్లలా ఉబ్బాయి. కసితో టేబుల్‌ని తన్నాడు. టేబుల్ కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. మానిటర్ కొంచెం పక్కకి తిరిగి, ఎవరినో చూస్తున్నట్టు ఆగిపోయింది. అచ్చక్క నవ్వు కనబడకుండా కిటికీ వైపు తిరిగింది. తలుపు వెనక నిలబడి చూస్తున్న మరదలు మాత్రం నవ్వలేదు. ఆ పిల్లకి అప్పుడే అర్థమైంది. అచ్చక్కకి కొన్ని వారాలు పట్టింది.

ఆ వారాలన్నీ ఆవిడ గెలిచాననే అనుకుంది. పని సాగుతోంది, మానిటర్ చెక్కు చెదరలేదు. వాడికి కోపం రావడం తగ్గలేదు, అది వెళ్లే చోటు మారింది. ఇదివరకు తెరకో, కంచానికో, కుర్చీకో తగిలి చల్లారేది ఇప్పుడు నేరుగా లోపలి గదిలోకి వెళ్తోంది. విరగ్గొట్టడానికి వాడికేదో ఒకటి కావాలి. ఇంట్లో ఇక విరిగేది మరదలొక్కతే. ఒక ఉదయం చొక్కా మీద ఇస్త్రీ మడత వంకరగా ఉందని ఆ పిల్ల చేతిని వెనక్కి మెలిపెట్టి, అదే టేబుల్ అంచుకేసి కొట్టాడు. మణికట్టు విరిగింది. స్నానాల గదిలో జారిపడ్డానని డాక్టరుకి చెప్పింది మరదలు. పక్కనే నిలబడిన అచ్చక్క అవునన్నట్టు తలూపింది.

కట్టుకట్టించుకుని వచ్చాక ఇద్దరూ ముందు గదిలో కూర్చున్నారు. వాడు డ్యూటీలో ఉన్నాడు. అచ్చక్క పని చేసుకుంటోంది. మరదలు చాలాసేపు ఆ మానిటర్ వైపే చూసి, మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

"వదినా, ఆ పల్చటిదే ఉంటే బాగుండేది."

"ఎందుకు?"

"అది పగిలితే ఇంకోటి వచ్చేది."

అచ్చక్క వేళ్లు మీటల మీద ఆగిపోయాయి.  ఆ రోజంతా ఒక ఆలోచన ఆవిడని పట్టి పీడించింది. షాపు ఆయన దగ్గర చెడిపోయిన పల్చటి తెరలు గుట్టగా పడుంటాయి. ఒకటి రెండు తెచ్చి వాడి చేతికి అందేలా పెడితే? వాటిని బద్దలు కొట్టుకుని ఊరుకుంటాడేమో. ఆ ఆలోచన ఎంతవరకు పోయిందంటే, వాటిని ఎక్కడ పెట్టాలో చోటు కూడా చూసుకుంది. చూసుకున్నాక తన మీద తనకే అసహ్యం పుట్టి, లేచి వెళ్లి మొహం కడుక్కుంది.

మరదలి చేతి కట్టు విప్పిన వారంలోనే జరిగింది అసలు సంగతి. వ్యాను రిపేరుకి ఇచ్చారు. వాడు పగలంతా ఇంట్లోనే. మరదలు వంటగదిలో తన అన్నయ్యతో ఫోనులో నెమ్మదిగా మాట్లాడుతోంది. వచ్చి తీసుకెళ్లమని అడుగుతోంది. వాడు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.  ఫోను లాక్కుని పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో పడేశాడు. ముందు గదిలోకి వచ్చి కిటికీ మూసి, వీధి తలుపు గడియ వేశాడు. ఏంట్రా అని అచ్చక్క అడుగుతుండగానే మళ్లీ లోపలికి వెళ్లి, మరదలిని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

ఆ పిల్ల తల గుమ్మానికి తగిలింది. నేల మీద ఎర్రటి గీత ఆ పిల్ల వెంటే వచ్చింది. టేబుల్ ముందు వెల్లకిలా పడేసి, పొట్టలో తన్నాడు. ముడుచుకుంటే వీపు మీద తన్నాడు. అచ్చక్క వెనక నుంచి వాడి మెడ పట్టుకుని లాగింది. వాడు తల తిప్పకుండానే మోచేత్తో ఒక్కటిచ్చాడు. అచ్చక్క ముందుపన్ను విరిగి నోరంతా ఉప్పగా అయింది. మళ్లీ లేచి చెయ్యి పట్టుకుంది. ఈసారి వాడు ఆవిడని రెండు చేతులా ఎత్తి విసిరేశాడు. టేబుల్‌కీ గోడకీ మధ్య సందులో, తీగల మీద పడింది.

అక్కడి నుంచి చూసింది. వాడు వీధి తలుపు వైపు తిరిగి, మరదలి గుండెల మీద మోకాలు వేసి, రెండు చేతులతో మెడ నొక్కుతున్నాడు. రెండో కాలు వెనక్కి, టేబుల్ కాళ్ల దాకా చాచి ఉంది. "వెళ్తావా? వెళ్తావా?" అని మెల్లగా, ఏదో నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడుగుతున్నాడు. మరదలి మడమలు నేలకేసి టపటపా కొట్టుకుంటున్నాయి. తర్వాత ఆ చప్పుడు పలచబడింది.

అచ్చక్క ఆలోచించలేదు. సందులో నిలబడి వీపు గోడకి ఆనించింది. ఒక కాలెత్తి ఆ మానిటర్ వెనక డొప్ప మీద పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తన్నింది. చెక్క మీద అది జరజరా జారింది. తీగలు బిగుసుకుని, సాకెట్ నుంచి ఊడి వచ్చేశాయి. టేబుల్ అంచు దగ్గర ఒక్క క్షణం తూగి, ముందుకి ఒరిగి, వాడి పిక్క మీద పడింది.

ముందు ఎముక విరిగింది. ఆ తర్వాత లోపల గాలి తీసేసిన గాజు ట్యూబు మెడ పుటుక్కున తెగి, పెద్ద పాము బుస కొట్టినట్టు గాలి లోపలికి దూసుకుపోయింది. వాడి అరుపు వీధంతా వినబడింది. చేతులు మెడ వదిలేశాయి. మరదలు పక్కకి దొర్లి, గొంతులో గాలి తోడుకుంటూ, నాలుగు కాళ్ల మీద గోడ దాకా పాకింది.

కథ అక్కడితో ఆగలేదు. కాలు దాని కింద ఇరుక్కుపోయినా వాడు చెయ్యి చాచి మరదలి చీలమండ అందుకోబోయాడు. అచ్చక్క టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, కీబోర్డు ఎత్తి ఆ చేతి మీద కొట్టింది. చెయ్యి వెనక్కి పోయింది. ఇంకోటి కొట్టింది. తర్వాత భుజం మీద, తల మీద, మొహం మీద. కీబోర్డు మధ్యకి విరిగింది. అక్షరాల మీటలన్నీ గది నిండా చెల్లాచెదురై, కొన్ని రక్తంలో పడి అలాగే అంటుకుపోయాయి. వాడు చేతులు అడ్డం పెట్టుకుని "అక్కా, అక్కా" అంటున్నాడు. చేతిలో విరిగిన ముక్కతోనే ఇంకా కొడుతోంది ఆవిడ. ఆ దెబ్బల్లో ఆవిడకి ఒక సుఖం తెలిసింది. అది ఆవిడ తర్వాత ఎవరికీ చెప్పలేదు, ఒక్క మరదలికి తప్ప.

"చాలు వదినా" అంది మరదలు. గొంతు బొంగురుపోయి ఎవరిదో గొంతులా ఉంది. "చచ్చిపోతాడు. చాలు."

అప్పటికి వీధివాళ్లు తలుపు బాదుతున్నారు. మరదలే లేచి గడియ తీసింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏం జరిగిందని అడిగాడు. మంచం మీద నుంచి వాడే ముందు జవాబు చెప్పాడు. సర్దుతుంటే మానిటర్ జారి పడిందన్నాడు. ఆ ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ఏదో ఒకటి జారడమే కారణం. అచ్చక్క మూతి వాచి మాట సరిగ్గా రావడం లేదు. అయినా దగ్గరికి వచ్చి ఒక్కొక్క ముక్కే పలికింది.

"జారలేదు. నేను తోశాను. ఎందుకు తోశానో తెలియాలంటే ఈ పిల్ల మెడ చూడండి."

మరదలు మెడ మీది గుడ్డ తీసింది. పది వేళ్ల గుర్తులూ ఉన్నాయి. డాక్టరు పోలీసులని పిలిపించాడు. వచ్చిన మహిళా కానిస్టేబులు మరదలిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి రోజు నుంచి చెప్పమంది. చెప్పడం పూర్తయ్యేసరికి ఆసుపత్రి వరండాలో ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకి పోయింది. వింటున్న అచ్చక్కకి కొన్ని సంగతులు తాను కూడా మొదటిసారి వింటున్నానని అర్థమైంది. గోడకి అవతల జరిగినవే. ఇవతల టైపు చేసుకుంటూ కూర్చున్నది తనే.

మేనమామ వచ్చాడు. తల్లి తరఫున మిగిలిన పెద్దమనిషి ఆయనొక్కడే. కేసు వెనక్కి తీసుకోమని రెండు పూటలా వచ్చి కూర్చున్నాడు. వాడి కాలు ఇక మామూలుగా పనిచెయ్యదని, వ్యాను నడపలేడని, ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుందని అన్నాడు. నువ్వు చేతులారా పెంచినవాడు, నీ చేతులతోనే జైలుకి పంపుతావా అన్నాడు.  చివరికి ఆయన మరదలి వైపు తిరిగి, నువ్వైనా చెప్పమ్మా, కాపరం అన్నాక సర్దుకుపోవాలి అనేసరికి అచ్చక్క లేచి నిలబడింది.

"ఆ పిల్లతో మాట్లాడకు మామయ్యా. ఏదన్నా ఉంటే నాతో మాట్లాడు. అయినా నీతో ఇక నాకూ మాటల్లేవు."

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మొగుణ్ణి కొట్టించిన పెళ్లాం అనీ, తమ్ముడి కాలు విరగ్గొట్టిన అక్క అనీ వాళ్లిద్దరి గురించి చుట్టాల్లో చాలా రోజులు చెప్పుకున్నారు. పోలీసులు అచ్చక్కని కూడా స్టేషనుకి పిలిపించి గట్టిగానే అడిగారు. కీబోర్డు సంగతి ఆవిడ దాచలేదు. ఆవిడ మీద కేసు మాత్రం పెట్టలేదు. కోర్టు వాడికి జైలు వేసింది. పెద్ద శిక్షేం కాదు. అయినా వేసింది.

ఆ ఇంట్లో ఉండలేక ఇద్దరూ బయటికి వచ్చేశారు. ఒక దర్జీ షాపు మీద గది దొరికింది. మెట్లు ఇరుకు. కింద కుట్టు మిషన్లు నడుస్తుంటే గది నేల సన్నగా అదిరేది. పని మొదలుపెట్టాలంటే మళ్లీ మానిటర్ కావాలి. అచ్చక్క పంటి వైద్యానికి వెళ్లిన రోజు, మరదలు ఒక్కతే షాపుకి వెళ్లి కొనుక్కొచ్చింది. అచ్చక్క తిరిగొచ్చేసరికి టేబుల్ మీద పల్చటి తెర. ఒక్కతే చంకలో పెట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కిందట.

 తెర చూడగానే అచ్చక్క చెయ్యి తనంతట తానే వెళ్లి దాని వెనక ఆనింది, పడిపోకుండా పట్టుకున్నట్టు. "ఇది వద్దే" అంది. "ట్యూబుదే తెచ్చుకుందాం. ఇది ఒక్క దెబ్బకి పోతుంది."

మరదలు తీగ బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఎవరు కొడతారు వదినా?"

నిజమే, కొట్టేవాళ్లెవరూ లేరు. ఆ సంగతి అచ్చక్క ఒంటికి తెలియడానికి చాలా కాలం పట్టింది. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా ముందు తెర వైపు చూసేది, తర్వాతే తలుపు వైపు.

మరదలు పని నేర్చుకుంది. ఒక్కొక్క మీటే వెతుక్కుంటూ మొదలుపెట్టి, పోనుపోను చకచకా టైపు కొట్టసాగింది. ఒకసారి ఒక దుకాణం వాళ్ల కరపత్రంలో ఫోను నంబరు తప్పు పడింది. కట్టలు కట్టలు అచ్చయిపోయాక బయటపడింది. దుకాణం ఆయన వచ్చి మెట్ల మీద నిలబడి నానా మాటలూ అని పోయాడు. అచ్చక్క తలుపు వేసి వెనక్కి తిరిగింది. మరదలు ఏదో చెప్పబోయింది. అచ్చక్క చెయ్యి గాల్లోకి లేచింది.

లేచి అక్కడే ఆగింది. మరదలు అప్పటికే కుర్చీలో ముడుచుకుపోయి, రెండు చేతులూ తల మీద పెట్టేసుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. అరవలేదు, అడగలేదు. దెబ్బ కోసం సిద్ధంగా ఉంది, అంతే.

అచ్చక్క ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించింది. మెట్లు దిగి వెళ్లి, దర్జీ షాపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. వీధిలో జనం పోతూనే ఉన్నారు.  తమ్ముడు, తను ఒక్క కడుపునే పుట్టారన్న మాట ఆ రోజు ఆవిడకి కొత్తగా తెలిసినట్టయింది. చాలాసేపటికి పైకి వెళ్లింది. మరదలు తప్పు నంబరు దిద్ది, మళ్లీ అచ్చుకి సిద్ధం చేసి పెట్టింది.

"నేను మళ్లీ ఎప్పుడైనా చెయ్యెత్తితే ఇల్లు వదిలి పో" అంది అచ్చక్క. "నా దగ్గర కూడా ఉండకు."

మరదలు తెర వైపే చూస్తూ తలూపింది. అలాంటిదేం జరగదులే వదినా అనలేదు. అననందుకు అచ్చక్కకి ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

వాడు జైలు నుంచి వచ్చి పాత ఇంట్లోనే ఒక్కడూ ఉంటున్నాడని తెలిసింది. ఏదో గోదాములో కూర్చుని చేసే పని దొరికిందట. మేనమామ చేత రెండుసార్లు కబురు పంపాడు. అచ్చక్క ఆ కబుర్లకి జవాబు పంపలేదు.

ఒకరోజు బజార్లో కాగితం కట్టలు కొనుక్కుని వస్తుంటే ఎదురుగా, జనంలో, వాడు కనిపించాడు. ఇంకా దూరంగానే ఉన్నాడు. ఆవిడని చూడలేదు. ఆవిడ కాళ్లు ఆవిడని అడక్కుండానే పక్కకి తిరిగి, ఒక ప్లాస్టిక్ సామాను కొట్లోకి తీసుకుపోయాయి. వేలాడదీసిన బకెట్ల మధ్య నిలబడి, వాడు దాటిపోయేదాకా చూసింది. జుట్టు పలచబడింది. చొక్కా ఇస్త్రీ లేదు. తను పెంచిన పిల్లాడు ఆ మనిషిలో ఎక్కడైనా కనిపిస్తాడేమోనని వెతికింది. మెడ వంచి నడిచే తీరులో ఒక్క క్షణం కనిపించాడు కూడా. అయినా ఆవిడ బయటికి రాలేదు. ఏం కావాలమ్మా అని కొట్టువాడు అడిగితే, ఎదురుగా ఉన్న మగ్గు ఒకటి చూపించి కొనుక్కుంది.

ఇంట్లో మగ్గులున్నాయి కదా, ఇదెందుకు అని మరదలు అడిగింది. అచ్చక్క జరిగింది చెప్పింది. మీటల మీద మరదలి వేళ్లు ఆగాయి.

"కుంటుతున్నాడా?"

"కుంటుతున్నాడు."

 మరదలు తెర వైపు తిరిగి, ఈ పేజీలో మూడో వరస ఒకసారి చూడు వదినా, దీర్ఘం ఉందా లేదా అని అడిగింది. అచ్చక్క కాగితం కట్టలు కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, తెర మీదికి వంగింది.